గుర్రానికి కాళ్లు

మా అంబర్‌వాడీ బళ్లో మూడో తరగతి గోడ చూడాలని ఇప్పుడు సతారా నుంచి కూడా జనం వస్తున్నారు. జీపుల్లో దిగుతారు, చెప్పులు విప్పుతారు, గోడకేసి దణ్ణం పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. పెట్టరూ మరి! గోడ అలా ధగధగలాడిపోతుంటేనూ. పెళ్లి బ్యాండువాళ్ల బండిలాగ ఎటు చూసినా ఎరుపూ, పసుపూ, చిలకపచ్చా. కుడిచేతి మూల కింద, నల్లరంగుతో, మాంఛి గుండ్రటి అక్షరాల్లో 'మార్గదర్శనం: వత్సలాబాయి కుంభార్' అని రాసి ఉంటుంది.

ఆ వత్సలాబాయి మాత్రం ఆ గదిలో అడుగుపెట్టదు. మూడో తరగతికి బొమ్మల పీరియడ్ వస్తే పిల్లల్ని వరండాలోకి పిలిపించుకుంటుంది. ఎండైనా అంతే, జల్లు కొట్టినా అంతే. కొత్తగా వచ్చిన మాస్టర్లు "పేరు గోడకెక్కేసరికి ఈవిడకి ఎంత పొగరో చూడు" అనుకుంటారు. పొగరు కాదు నాయనా. పొగరైతే ఎంత బావుండేది!

ఆవిడ పుట్టింది కుంభార్ గల్లీలో. తండ్రి ధోండిబా చలికాలంలో కుండలు చేసేవాడు, ఎండలు ముదిరిన దగ్గర్నుంచి వినాయకచవితి దాకా గణపతులు చేసేవాడు. ఆ నెలల్లో ఆ ఇంట్లో మనిషి కూచోడానికి చోటుండేది కాదు. మంచాల మీద గణపతులు, గంపల్లో తొండాలు, అటక మీద వరసగా ఎలకలు. వత్సల చేతికి కుంచె వచ్చింది పలకా బలపం కంటే ముందు. పీతాంబరాలకి పసుపు పూసేది, కిరీటాలకి బంగారు రంగు వేసేది. కళ్లు మాత్రం తండ్రే దిద్దేవాడు.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. తొండం విరిగినా, చెయ్యి ఊడినా, ఎవరి కంటా పడకముందే అతికెయ్యాలి. అతకనిదైతే ఏటికి తీసుకుపోయి నీళ్లలో వదిలెయ్యాలి. "విరిగిన దేవుణ్ణి ఎదురుగా పెట్టుకుని ముద్దెలా మింగుతామే?" అనేవాడు ధోండిబా. వత్సల అతకడంలో ఎంత ఆరితేరిందంటే, పూర్తయ్యాక ఏది విరిగిన తొండమో ఏది విరగనిదో తండ్రి కూడా పోల్చుకోలేకపోయేవాడు. "బంగారు చేతులే నీవి" అని మురిసిపోయేవాడు. ఆ బంగారు చేతులే చివరికి కొంప ముంచాయి.

పెళ్లి చేశారు. ఏడాది తిరక్కుండానే మొగుడు పాము కరిచి పోయాడు. అత్తవారు బట్టల మూటతో సహా తెచ్చి కుంభార్ గల్లీలో దింపేశారు. తండ్రి ఏడవలేదు, తిట్టలేదు. కొల్హాపూర్‌లో ఉన్న చెల్లెలింట్లో పెట్టి, డ్రాయింగ్ టీచర్ చదువు చెప్పించాడు. అక్కడే వత్సల మొదటిసారి విన్నది, బొమ్మలకి కూడా చరిత్ర ఉంటుందని. ఎవరు ముందు గీశారు, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ రంగు ఏ రాయి నుంచి వచ్చింది, ఇవన్నీ ఒక చదువట! ఆ రోజంతా ఆవిడకి అన్నం సయించలేదు. తన తండ్రికీ, తాతకీ కూడా ఒక వరసలో చోటుందని అంతవరకూ ఎవరూ చెప్పలేదు మరి.

ఆ చదువులోనే అజంతా చూపించడానికి తీసుకెళ్లారు. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే ఈవిడకి ఒళ్లు మండిపోయింది. "సగం గోడ రాలిపోయింది కద గురూజీ! చేతనైనవాళ్లు ఇంతమంది ఉండి, ఎవరూ పూర్తి చెయ్యరేం?" అని అడిగేసింది. గురువుగారు నవ్వి, "నువ్వు కుంభార్ల పిల్లవి అనిపించుకున్నావమ్మా" అన్నాడు. అంతే, అంతకంటే ఏం చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది మహానుభావుడు. ఆ నవ్వు బదులు నాలుగు మాటలు చెప్పి ఉంటే ఇవాళ ఈ కథ ఉండేది కాదు.

ఉద్యోగం సొంతూళ్లోనే దొరికింది. మా బడి పాతకాలం సర్దారు వాడాలో, అంటే ఆయనగారి పెద్ద మేడలో, నడుస్తుంది. వాళ్ల వంశంలో ఎవరో పెద్దాయన బడి నడిపే సంస్థకి దానంగా రాసిచ్చేశాడు. ఏనుగు దూరేంత గుమ్మం, ఒకటి నుంచి నాలుగు దాకా తరగతులు, ఎలకలు సరేసరి. పిల్లలు నేలమీదే కూచుంటారు. ఇందులో సర్దారుగారు కొలువు తీర్చిన గదే మూడో తరగతి. దాని పడమటి గోడ నిండా బొమ్మలు.

ఎవరు గీశారో ఎవరికీ తెలీదు. పైన రిద్ధి సిద్ధులతో గణపతి, పక్కన చిలక్కి జాంపండు తినిపిస్తున్న ఆవిడ, మధ్యన అంబారీ ఏనుగు, కింద వరసలో దండు వెళ్తోంది. నెత్తిన మూటలు పెట్టుకున్న సిపాయిలు, వాళ్ల ముందు ఎర్ర గుర్రం, గుర్రం మీద పాగా చుట్టుకున్నాయన. దండు కింద, నేల దాకా, గోడంతా బూడిదరంగు మచ్చ. చెమ్మ పట్టి పెచ్చు లేచిందని అందరూ అనుకునేవాళ్లు. గుర్రానికి కడుపు కిందనుంచి ఏమీ లేదు. ఎక్కాల పటం తగిలించడానికి ఏనుగు చెవిలోనూ గుర్రం మెడలోనూ మేకులు కొట్టిన పుణ్యాత్ముడెవడో కూడా తెలీదు.

హెడ్‌మాస్టరు ములిక్ గురూజీ మంచివాడే. మంచివాడంటే ఎవరికీ ఎదురుచెప్పనివాడని అర్థం. మొదటి రోజే "వత్సలాబాయీ, లెక్కలు వెనకబడ్డాయి. మీ పీరియడ్ నేను తీసుకుంటా. బొమ్మలేగా, ఇంటిదగ్గర గీసుకుంటార్లే" అన్నాడు.

"సరే గురూజీ. లెక్కలూ ఇంటిదగ్గర వేసుకోవచ్చు. అవి నేను తీసుకోనా?" అంది ఆవిడ.

ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. మర్నాటి నుంచి పీరియడ్ ఆవిడదే.

ఆవిడ చెప్పే పద్ధతి చూసి తీరాలి. ఇటుకముక్క, కాలవగట్టు ఎర్రమన్ను, పొయ్యి మసి తెమ్మనేది. పిల్లలే నూరాలి, బట్టలో వడకట్టాలి, తుమ్మబంక కలపాలి. "అంగట్లో సీసాలు లేనప్పుడు ఆ గోడమీద రంగులు ఇలాగే వచ్చాయిరా" అనేది. తల్లులు ఒకటే శాపనార్థాలు, బట్టలు పాడైపోతున్నాయని. చరిత్ర చెప్పాల్సి వస్తే పిల్లల్ని చేతులు పట్టుకుని వరసలో నిలబెట్టేది. "నువ్వు నువ్వే. పక్కవాడు నీ నాన్న. వాడి పక్కవాడు మీ తాత. ఆ పక్కవాడు తాతకి తాత..." అలా పోయి పోయి, చివరి పిల్లవాడి చెయ్యి గోడకి తగిలేది. "చూశారా! గీసినవాడు ఎంతో దూరంలో లేడు. ఇన్ని చేతులవతల ఉన్నాడంతే." పిల్లలకి ఒళ్లు ఝల్లుమనేది.

ఏనుగు తోక దగ్గర ఇంకో ఆట. కాస్త వంగి చూస్తే తోక కింద ఇంకో తోక మసకమసగ్గా కనపడేది. "ముందు అక్కడ వేశాడు. బాగోలేదనుకుని పైకి జరిపాడు. అంత గొప్పవాడే తప్పు చేసి దిద్దుకున్నాడు, మీకేం రోగం?" అనేది. రబ్బరు ముక్కల కోసం కొట్టుకునే పిల్లలు దాంతో చల్లబడేవాళ్లు. గుర్రం దగ్గరికొచ్చేసరికి మాత్రం పెదవి విరిచేది. "ఇక్కడ పాపం చెయ్యి తడబడింది. సవారీ చేసేవాడి మోకాళ్లు చూడండి, గడ్డానికి తగుల్తున్నాయి. గుర్రమెక్కినవాడు ఇలా కూచుంటాడా?" పిల్లలందరూ గొంతుక్కూచుని మోకాళ్లు గడ్డానికి ఆనించి, టక్కుటక్కు మంటూ నవ్వేవాళ్లు.

ఏళ్ల తరబడి అలాగే గడిచింది. ఆ గోడ తప్ప ఆవిడకి వేరే సంసారం లేదు. వాన కురిస్తే తమ్ముడింట్లో మంచమ్మీద పడుకుని "గదిలోకి నీళ్లొస్తున్నాయేమో" అని లేచి కూచునేది. "ఆ గోడనే పెళ్లి చేసుకోకపోయావా అక్కా" అని తమ్ముడు దెప్పేవాడు. "ఇప్పుడైనా అక్షింతలు వెయ్యరా, చేసుకుంటా" అనేది.

సంస్థ అధ్యక్షుడు తాత్యాసాహెబ్ నలవడే ఒకరోజు బడికొచ్చాడు. చెరుకు తోటలవాడు, బడి మీద ప్రేమ ఉన్నవాడే, అబద్ధం ఎందుకాడాలి. మూడో తరగతి గది గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకున్నాడు. "ఈ చెమ్మ కంపులో పిల్లలెలా కూచుంటారు గురూజీ? గీకించి, సిమెంటు పూయించి, తెల్ల రంగు కొట్టించండి. బోర్డు కూడా పెద్దది పెట్టుకోవచ్చు."

ములిక్ గురూజీ "చిత్తం" అన్నాడు. ఆయన వెనకాల వత్సలాబాయి ఉందని తెలిసీ అన్నాడు.

"గీకించడానికి వీల్లేదు" అంది ఆవిడ.

"ఎందుకమ్మా?"

"ఈ తాలూకా మొత్తంలో ఇలాంటి గోడ ఇదొక్కటే తాత్యాసాహెబ్. దీన్ని చూపించే నేను పిల్లలకి చెప్పేది. ఇది పోతే నా నోరు పోయినట్టే."

ఆయన కళ్లజోడు సవరించుకుని గోడకేసి చూశాడు. "ఏముందమ్మా ఇందులో? మసి! గుర్రానికి కాళ్లే లేవు. మా ఇంట్లో ఇలాంటి భిన్నమైపోయిన పటం ఉంటే మా అమ్మ ఏట్లో వేయించేది."

ఆ మాట ఆవిడకి సూటిగా తగిలింది. తన తండ్రి నోటి మాటే కదా అది. కాదనలేకపోయింది. "వార్షికోత్సవం దాకా గడువివ్వండి. ఇది అసలెలా ఉండేదో మీకు చూపిస్తా. అప్పటికీ గీకించాలనిపిస్తే గీకించండి" అంది.

"సరే, చూపించు" అన్నాడు తాత్యాసాహెబ్.

ఇంకేం, ఆవిడకి పూనకం వచ్చింది. గోడని ముక్కలు ముక్కలుగా పిల్లలకి పంచింది. ఒకడికి గణపతి, ఒకత్తెకి చిలకావిడ, ఒకడికి ఏనుగు. పెద్ద షీట్లు, సీసా రంగులు తన జీతంలోంచే కొంది. ఇటుక పొడీ లేదు, మసీ లేదు ఈసారి. "రాలిపోయిన చోట మీరు పూర్తి చెయ్యాలి. రంగు ఒకే దళసరిలో పడాలి, మచ్చ కనపడకూడదు. నల్ల అంచు దాటారో, వేళ్లు విరగ్గొడతా!" ఇన్నేళ్లూ తప్పు చేసినా ఫరవాలేదన్న మనిషి ఆ నెల్లాళ్లూ పిల్లల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. గోడ ప్రాణం మీదికొస్తే పాపం ఏం చేస్తుంది.

గుర్రం శేవంతాకి వచ్చింది. రాళ్లు కొట్టే వడార్ల పిల్ల. బక్కగా, నల్లగా, చింపిరి జుట్టుతో ఉండేది. ఆ గోడ కిందే, సరిగ్గా గుర్రం దగ్గరే, దాని చోటు. మాట్లాడ్డం తక్కువ, చూడ్డం ఎక్కువ. తక్కిన పిల్లలు రెండేసి షీట్లు పూర్తి చేసినా ఇది మాత్రం గోడకి ముక్కు ఆనించుకుని చూస్తూ కూచునేది. ఒకరోజు వత్సలాబాయి వెళ్లి వీపు మీదుగా తొంగి చూసింది.

ఎర్ర గుర్రం, దాని మెడ మీద సన్నటి నెర్రె, మేకు బొక్క, పాగా మీద రాలిన సున్నం, అన్నీ ఉన్నది ఉన్నట్టు దిగాయి. మోకాళ్లు గడ్డానికి ఆనించుకున్న సవారీవాడు కూడా. గుర్రం కడుపు కింద మాత్రం బూడిదరంగు. అందులో సన్నసన్నటి పెన్సిలు గీతలు, ఆకులాంటిదేదో ఒకటి రెండు.

"ఇదేంటే, కాళ్లేవి?"

"అక్కడ కాళ్లు లేవు బాయీ."

"లేకపోతే నువ్వు వెయ్యాలనేగా చెప్పింది?"

"లేనివి ఎలా వెయ్యను బాయీ? అక్కడ..."

"అక్కడా లేదు, ఇక్కడా లేదు! నోరు ముయ్యి. అందరూ పూర్తి చేస్తుంటే నీకొక్కదానికేనా గొప్ప? తాత్యాసాహెబ్ వచ్చి ఇది చూశాడంటే గోడ రేపే గీకించేస్తాడు. ఇటివ్వు కుంచె."

ఇన్నేళ్లలో ఆవిడ ఏ పిల్ల బొమ్మ మీదా చెయ్యి వేసి ఎరగదు. వేసే టీచర్లంటే పడేది కాదు కూడా. ఆ రోజు మాత్రం వేసింది. తండ్రి ఇంట్లో తొండాలు అతికిన చెయ్యి అది, ఆగుతుందా! నాలుగు కాళ్లు, ఒకటి ఎత్తి, మూడు నేలమీద, కింద నల్లటి గిట్టలు. సవారీవాడి మోకాళ్లు కిందికి దించి, పాదాలు రికాబుల్లో పెట్టేసింది. బూడిదరంగంతా పచ్చగడ్డి చేసేసింది. ఎంత సేపు? పాలు పొంగేంత సేపు. చూస్తే నిజంగానే పరుగెత్తుతున్న గుర్రంలా ఉంది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

"చూశావా? ఎంత బావుందో!" అంది శేవంతాతో.

"బావుంది బాయీ" అంది శేవంతా. షీటు కింద పేరు రాయమంటే మాత్రం రాయలేదు. "ఇది మీది కదా" అంది.

"తలపొగరు" అని విసుక్కుని, ఆవిడే రాసేసింది దాని పేరు.

వార్షికోత్సవం నాడు ఊరు ఊరంతా వచ్చింది. షీట్లన్నీ గోడ ఎదురుగా, ఎక్కడివక్కడ కుదిరేట్టు కట్టారు. తాత్యాసాహెబ్ ఒకసారి గోడకేసి, ఒకసారి షీట్లకేసి చూసి నిలబడిపోయాడు. ఆయన తల్లి, తొంభయ్యేళ్ల ఆవిడ, చేతులు జోడించింది. "ఇంత అందంగా ఉండేదిట్రా మన వాడా! చెప్పరేం ఇన్నాళ్లూ?" అంది.

తాత్యాసాహెబ్ మైకు పుచ్చుకున్నాడు. "వత్సలాబాయి నా కళ్లు తెరిపించింది. ఈ గోడని పడనిచ్చే ప్రసక్తి లేదు. నా సొంత ఖర్చుతో దీన్ని నిలబెడతా. ఇది నా మాట!" అన్నాడు. జనం ఈలలేశారు. వత్సలాబాయి ఏడ్చేసింది. ఇంటికెళ్తూ దారిలో కనపడ్డ ప్రతివాడికీ పేడా మిఠాయి పెట్టింది. రాయి కొట్టుకునే శేవంతా తండ్రికి కూడా రెండు పెట్టింది, "నీ కూతురు గుర్రమే అందరికీ నచ్చిందయ్యా" అని.

తర్వాత వేసవి సెలవులు. కుంభార్ గల్లీలో గణపతుల కాలం. ఇన్నాళ్లకి మనసు కుదుటపడిందేమో, తమ్ముడికి సాయంగా రాత్రీపగలూ కూచుని విగ్రహాలకి రంగులేసింది. బడి వైపు వెళ్లలేదు. వెళ్లి ఉంటేనా!

జూన్‌లో బడి తెరిచే రోజు వాడా గుమ్మం దాటుతుండగానే ముక్కుకి ఆయిలు రంగు వాసన కొట్టింది. ఎక్కడో తలుపులకి వేశారనుకుంది. మూడో తరగతి గదిలో అడుగుపెట్టింది.

నిచ్చెన మీద బండూ ఉన్నాడు. బస్టాండు దగ్గర బోర్డులు రాసే బండూ, ఈ గదిలోనే ఈవిడ దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాడు. ఈవిణ్ణి చూడగానే నిచ్చెన దిగి కాళ్లకి దణ్ణం పెట్టాడు. "రండి బాయీ రండి! మీ కోసమే చూస్తున్నా. తాత్యాసాహెబ్ మీకు ముందే చెప్పొద్దన్నారు, సంతోషపెడదామని."

ఆవిడ గోడకేసి చూస్తోంది. గణపతి ఉన్నాడు, చిలకావిడ ఉంది, ఏనుగు ఉంది. అన్నీ ఉన్నాయి. పిల్లల షీట్లలో ఉన్నట్టే, ఒకే దళసరి రంగుతో, నల్ల అంచులతో.

"పాతది... పాతది కిందుందా బండూ?"

"లేదు బాయీ! పాత గోడ మీద ఆయిలు రంగు నిలుస్తుందా? గీకేసి, గరుకు కాగితంతో రుద్ది, లప్పం పెట్టి, అప్పుడు వేశా. పదేళ్లు చెక్కు చెదరదు. మీరు చెప్పినట్టే, అంచు దాటలేదు. కావాలంటే దగ్గరకొచ్చి చూడండి."

"తోక..." అంది ఆవిడ.

"ఆ, రెండో తోక! ఏనుక్కి రెండు తోకలుంటే చూసినవాళ్లు నవ్వరూ? ఆ పిల్లాడి షీట్లో కూడా ఒకటే ఉంది. తీసేశా."

వత్సలాబాయి కేకలెయ్యలేదు. వేస్తే బావుండేది, అందరికీ తెలిసొచ్చేది. గోడకి చెయ్యి ఆనించింది. జిగటగా వేళ్లకి అంటుకుంది రంగు. ఆ చేతి ముద్ర పడిన చోట బండూ మళ్లీ దిద్దుకోవలసి వచ్చింది.

గుర్రం దగ్గర ఆగింది. నాలుగు కాళ్లు. ఒకటి ఎత్తి, మూడు పచ్చగడ్డి మీద. తన కాళ్లే అవి.

"అది మాత్రం అద్భుతం బాయీ" అన్నాడు బండూ. "ఆ షీట్లో పైనంతా పిచ్చిగీతలు, నెర్రెలూ బొక్కలూ కూడా గీసింది పిల్ల! కాళ్లు చూశాకే నాకు గుర్రం తెలిసింది."

ఆ వారమే శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టారు. తాత్యాసాహెబ్ "మాట నిలబెట్టుకున్నానా లేదా బాయీ?" అని అడిగాడు, పసిపిల్లాడిలా వెలిగిపోతూ. ఏమంటుంది? ఆయన తప్పేముంది? విరిగినదాన్ని అతికించాడు. ఎలా అతకాలో ఈవిడే షీట్లు కట్టి మరీ చూపించింది. "నిలబెట్టుకున్నారు" అంది. ఫొటో తీశారు. ఆ ఫొటోలో ఆవిడ నవ్వుతోందని అందరూ అంటారు.

షీట్లు బండూ దగ్గరే ఉన్నాయని తెలిసి బస్టాండుకి పోయి అడిగింది. రంగు డబ్బాల కింద పరిచాడట, చాలామటుకు పాడైపోయాయి. శేవంతాది మాత్రం గుర్రం బావుందని గోడకి అతికించుకున్నాడు. అది పీకించుకుని తెచ్చుకుంది.

ఆ గోడ ఉన్నది ఉన్నట్టు ఇక మిగిలింది ఆ షీట్లోనే. నెర్రె ఉంది, మేకు బొక్క ఉంది. కడుపు కింద మాత్రం తన పచ్చగడ్డి. వెల్తురులో అటూ ఇటూ తిప్పి చూసింది. నల్లగిట్ట పక్కనుంచి ఏదో సన్నటి తోక బయటికి కనపడుతోంది. ఆకు కాదు అది.

మర్నాడు నాలుగో తరగతిలో ఉన్న శేవంతాని వరండాలోకి పిలిచింది. "ఇక్కడ నువ్వేం గీశావే? ఇదేంటి, గిట్ట పక్కన?"

"చేప బాయీ."

"చేపేంటే?"

"రెండుండేవి. చిన్నవి. కిందికి వంగి చూస్తేనే కనపడతాయి. గుర్రం ఏట్లో ఉంది కద బాయీ."

వత్సలాబాయి షీటు నేలమీద పరిచి దాని మీదికి వంగింది. శేవంతా తనకి తెలిసిందేదో మామూలుగా చెప్పుకుపోయింది. "నీళ్లు కడుపు దాకా ఉన్నాయి. అందుకే సిపాయిలు మూటలు నెత్తిన పెట్టుకున్నారు. గుర్రం మీదాయన కాళ్లు పైకి ముడుచుకున్నాడు, తడుస్తాయని. మా నాన్న కూడా బండి మీద ఏరు దాటేటప్పుడు అలాగే కూచుంటాడు."

చెమ్మ కాదు. పెచ్చు కాదు. ఆ మహానుభావుడు నీళ్లు గీశాడు. ఆ గుర్రానికి ఏనాడూ ఏమీ విరగలేదు. ఇన్నేళ్లూ ఎంతమంది పిల్లల చేత ఆ సవారీవాణ్ణి చూసి నవ్వించింది!

"అప్పుడే ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"చెప్పబోతే నోరు ముయ్యమన్నారు కద బాయీ" అంది శేవంతా. నిష్ఠూరంగా కాదు. జరిగింది చెప్పింది, అంతే.

కాసేపటికి ఆవిడ లేచి, బీరువాలోంచి కొత్త షీటు తెచ్చి దాని చేతిలో పెట్టింది. రంగుల పెట్టె మొత్తం ఇచ్చేసింది. "గియ్యవే. ఎలా ఉండేదో అలాగే. నీళ్లూ, చేపలూ, అన్నీ. ఎన్నాళ్లైనా తీసుకో. నేను దగ్గరికి కూడా రాను. సరేనా?"

శేవంతా తలూపి వెళ్లింది. వత్సలాబాయి ఆ వారమంతా దాని జోలికి పోలేదు. మూడో తరగతి గదిలో నేలమీద కూచుని గీస్తోందని పిల్లలు చెబితే, అన్న మాట ప్రకారం అటు తొంగి కూడా చూడలేదు. తమ్ముడి భార్య కంచంలో జొన్న భాక్రీ పెడితే మునపటిలా రెండు తినేసింది. అంత ఆశ పెట్టుకుంది.

ఒకరోజు సాయంత్రం బడి విడిచాక శేవంతా షీటు తెచ్చిచ్చింది.

ఎర్ర గుర్రం. నాలుగు కాళ్లు, ఒకటి ఎత్తి, మూడు పచ్చగడ్డి మీద. రికాబుల్లో పాదాలు. రంగు ఒకే దళసరిలో ఉంది. అంచు ఎక్కడా దాటలేదు.

"నీళ్లేవే?" అంది వత్సలాబాయి.

"గోడ మీద ఇప్పుడు లేవు కద బాయీ."

"గుర్తు లేవా నీకు?"

శేవంతా కళ్లు చిట్లించి ఆలోచించింది. పాపం, నిజంగానే ఆలోచించింది. "ఉండేవి అని గుర్తుంది. ఎలా ఉండేవో గుర్తులేదు. చూడకుండా గియ్యడం నాకు రాదు బాయీ." ఆగి, ఆవిడ మొహంలోకి భయంగా చూసి, "ఈసారి కాళ్లు వేశాను కద?" అంది.

వత్సలాబాయి షీటు వెనక్కి తిప్పి, ఎర్ర పెన్సిలుతో పదికి పది వేసింది. వెయ్యక ఏం చేస్తుంది! ఉన్నది ఉన్నట్టే గీసింది మరి పిల్ల.